కొంగుకు బదులొక పనిగుడ్డ

మన పల్లెలలో చీరకొంగు చేయని పని లేదు. పొయ్యిమీది గిన్నెను దింపుటకు కొంగే మసిగుడ్డ. ఎండలో నడచునప్పుడు కొంగే గొడుగు. సంతలో కొన్న నాలుగు వస్తువులకు కొంగే సంచి. చిల్లర డబ్బులకు కొంగుముడియే పెట్టె. చంటిబిడ్డ మూతి తుడుచుటకు కొంగే తువాలు. తెల్లవారినది మొదలు దీపము పెట్టువరకు ఇన్ని పనులు చేయు గుడ్డ ఇంటిలో మరొకటి లేదు. అందుచేతనే అది చేయరాని పని ఏదో తెలిసికొనుట అవసరమగుచున్నది.

నూలుకు రంగు వేయునప్పుడు, గోడకు సున్నము కొట్టునప్పుడు, బొమ్మలకు మట్టి పిసుకునప్పుడు, తోలుకు రంగులు దిద్దునప్పుడు చేతికంటిన దానిని కొంగుతో తుడుచుకొనుట మనకు అలవాటు. ఈ అలవాటు వలన చీర చెడును. చీర చెడుటయే గాక, అదే కొంగు గంట తరువాత బిడ్డ మూతిని తుడుచును. ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. పనిలోని మురికి, పనిలోని మందు, ఇంటిలోనికి నడచివచ్చు త్రోవ కొంగే.

ఈ త్రోవను మూసివేయుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పని చేయునప్పుడు చీరమీదనో, పంచెమీదనో కట్టుకొనుటకు వేరొక గుడ్డ ఉంచుకొనిన చాలును. పట్టణములలో దీనిని ఏప్రన్ అందురు. ఈ వ్యాసములో మేము దీనిని పనిగుడ్డ అని పిలుతుము.

మన ప్రాంతపు చేతిపనులు

నల్లచెరువు ప్రాంతమునకు రంగుల పని క్రొత్త కాదు. కదిరి ప్రాంతముతో పాటు నల్లచెరువు 1910వ సంవత్సరము వరకు కడప జిల్లాలో ఉండెడిది. ఆ సంవత్సరమున అనంతపురము జిల్లాలో చేరినది. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడున్నది. 19వ శతాబ్దములో కడప జిల్లా నీలిమందునకు పేరుపొందియుండెను. 1897లో జర్మనీ దేశమున కృత్రిమ నీలిమందు అమ్మకమునకు వచ్చిన పిదప చెట్టు నీలికి గిరాకీ పడిపోయినది. రంగులు మారినవే గాని రంగుల పని మాత్రము మన జిల్లాను విడిచిపోలేదు.

ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధి. చీర మగ్గమెక్కుటకు ముందు పట్టుదారమును సబ్బునీటిలో ఉడికించి బంక తీయవలెను. దారము బరువులో సుమారు నాలుగవ వంతు వరకు ఈ బంకయే ఉండును. బంక పోయిన తరువాత దారమును మరుగుచున్న రంగునీటిలో ముంచి త్రిప్పుదురు. ధర్మవరము మండలములోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, ఎండబెట్టి, ఉలులతో రంధ్రములు కొట్టి రంగులు దిద్దుదురు. ఈ గ్రామమునకు చెందిన శ్రీ దళవాయి చలపతిరావుగారికి 2020లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించినది. ఇప్పుడక్కడ బొమ్మలే గాక తోలు దీపపు తెరలు, గోడకు వ్రేలాడదీయు చిత్రములు కూడ తయారగుచున్నవి. హిందూపురము పట్టుగూళ్ల వ్యాపారమునకు పేరుపొందిన ఊరు. పట్టుగూళ్ల నుండి దారము తీయువారి చేతులు దినమంతయు వేడినీటిలోనే ఉండును.

ఇవి పేరుపొందిన పనులు. పేరులేని పనులు ప్రతి ఇంటిలో ఉన్నవి. వినాయక చవితికి మట్టి ప్రతిమలు చేయుదురు. సంక్రాంతికి ముగ్గులకు రంగులు కలుపుదురు. పెండ్లికి ముందు గోడలకు సున్నము కొట్టుదురు. పొదుపు సంఘముల స్త్రీలు సంచులకు అచ్చులు అద్దుదురు, మైనముతో వత్తులు పోయుదురు, కాగితపు గుజ్జుతో బుట్టలు చేయుదురు. కర్మాగారములో పనిచేయువానికి యజమాని పనిబట్టలు ఇచ్చుట చట్టముచేతనో ఆచారముచేతనో జరుగుచుండును. ఇంటిలో పనిచేయు ఇల్లాలికి ఆమెయే యజమాని, ఆమెయే కూలి. ఆమెకు పనిబట్ట ఇచ్చువారు వేరొకరు లేరు. తనకు తానే ఇచ్చుకొనవలెను.

మరక ఏల పోదు?

"ఉతికిన పోవును గదా!" అని చాలమంది అందురు. అన్ని మరకలు పోవు. కారణము విచారింతము.

అద్దకపు రంగు తయారుచేయువాని ప్రయత్నమంతయు ఆ రంగు గుడ్డను విడువకుండుటకే. నూలు రంగులలో కొన్నిటిని సోడా కలిపిన నీటిలో వేసినచో అవి నూలుపోగుతో విడదీయరాని విధముగా కలిసిపోవును. అదే నీరు చీరమీద చిందినచో చీరపోగుతో కూడ అట్లే కలిసిపోవును. రంగునకు గిరాకిదారుని నూలుకు, ఇల్లాలి చీరకు భేదము తెలియదు.

కరక్కాయ నీటిలో ముంచిన గుడ్డమీద ఇనుపద్రవము పడగానే నలుపు పుట్టును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో కొన్ని దినములు ఊరవేసి ఈ ద్రవమును చేయుదురు. ఇది మామూలు గుడ్డమీద చిందినచో మొదట లేతగా కనబడును. గాలి తగిలినకొలది తుప్పురంగుకు తిరుగును. నీలిరంగు తొట్టి సంగతి మరియు వింతగా ఉండును. తొట్టిలోని నీరు నీలముగా ఉండదు, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండును. గుడ్డను పైకి తీసి గాలిలో ఉంచినప్పుడు కొలది నిమిషములలో నీలవర్ణము వచ్చును. కనుక తొట్టినుండి చీరమీద చుక్క పడినప్పుడు "నీళ్లే గదా" అని పనిలో ఉన్నవారు ఊరకుందురు. పని ముగించి చూచుకొనుసరికి చీర మచ్చలమయమై ఉండును. అప్పుడు చేయగలిగినది ఏమియు లేదు.

మరకపడిన చీరను మరునాడు పేరంటమునకు కట్టుకొని పోలేము. మరకపడిన చొక్కాతో బడికి పోవుటకు పిల్లవాడు సిగ్గుపడును. ఒక చీర వెల ఎన్ని దినముల కూలికి సమానమో ప్రతి ఇల్లాలికి తెలియును. ఆ లెక్క మేము చెప్పనక్కరలేదు.

నీటి లెక్క కూడ ఒకటి ఉన్నది. పూర్వపు ఉమ్మడి అనంతపురము జిల్లాలో సాలీనా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశములో మిక్కిలి తక్కువ వాన కురియు ప్రాంతములలో ఇది యొకటి. ఇట్టి చోట అయిదున్నర మీటర్ల చీరను పలుమార్లు ఉతుకుటకంటె ఒక మీటరు పనిగుడ్డను ఒక్కమారు ఉతుకుట మేలు గదా!

కంటికి కనబడని హాని

చీర పోయినను మరొకటి కొనవచ్చును. కన్ను పోయిన, చర్మము కాలిన తిరిగి కొనలేము. అందుచేత పనిగుడ్డ అవసరము చీరతో ముగియదు.

నీలి తొట్టిలోను, మరికొన్ని అద్దకములలోను కాస్టిక్ సోడా వాడుదురు. నీటిలో కరిగిన తరువాత అది మంచినీటివలెనే కనబడును. వ్రేళ్ల మధ్య సబ్బువలె జారును. ఆ జారుడు మన చర్మమును అది తినుచున్నదనుటకు గుర్తు. గుడ్డలో ఇంకిన కాస్టిక్ నీరు గుడ్డ ఆరువరకు చర్మమునకు అంటుకొనియే ఉండును. వేడి కాస్టిక్ నీటిలో పట్టు కరిగిపోవును కూడ. పట్టుచీర కట్టుకొని ఈ పనికి పూనుకొనువారు దీనిని గుర్తుంచుకొనవలెను. కాస్టిక్‌ను కలుపునప్పుడు నీటిలో కాస్టిక్‌ను కొద్దికొద్దిగా వేయవలెను. కాస్టిక్‌మీద నీరు పోయరాదు. పోసినచో అది ఒక్కమారుగా ఉడికి పైకి చిందును.

సున్నము కూడ ఇటువంటిదే. కాల్చిన సున్నపురాయిని నీటిలో వేయగానే బుసబుస పొంగి ఉడుకుట మనకు చిన్ననాటి నుండి తెలిసిన సంగతియే. తెలిసిన సంగతి కనుకనే దానియెడ మనకు భయము లేదు. ఆ తుంపర కంటిలో పడినచో చూపు పోవచ్చును. సున్నము విరియునప్పుడు పిల్లలను దగ్గరకు రానీయరాదు.

ఇక నిప్పు. రంగునీరు మరిగించునది కట్టెలపొయ్యి మీదనో, గ్యాసు పొయ్యి మీదనో. పొయ్యి ముందు వంగి నూలుచిలపలు త్రిప్పునప్పుడు వ్రేలాడు కొంగు ఎటు పోవుచున్నదో మనము చూడము. పాలియెస్టరు, నైలాను చీరలు నిప్పు తగిలినప్పుడు కరిగి చర్మమునకు అంటుకొనును. నూలుగుడ్డ కాలునే గాని ఆ విధముగా అంటుకొనదు. కొంగును నడుమునకు బిగించి, దానిపై మందపు నూలు పనిగుడ్డ కట్టినచో వ్రేలాడు గుడ్డ అనునది ఉండదు.

రంగుల పొడి మరియొక సంగతి. బెంజిడీను మొదలైన హానికర పదార్థములతో చేసిన కొన్ని రంగులు క్యాన్సరునకు కారణమగునని తేలినందున, 1990వ దశకములో భారత ప్రభుత్వము అట్టి 112 రంగులను నిషేధించినది. కావున పేరు, తయారుచేసినవారి వివరము లేని పొట్లపు రంగును చవుకగా దొరికినదని కొనరాదు. మంచి రంగు పొడియైనను బిడ్డ నోటికి పోదగినది కాదు. రంగు తూచు చోట, కలుపు చోట వంటపాత్రలు ఉండరాదు. రంగునకు వాడిన గిన్నెను మరల వంటకు వాడరాదు.

ఏ పనికి ఏ గుడ్డ?

అన్ని పనులకు ఒకే పనిగుడ్డ చాలదు. పనినిబట్టి గుడ్డను ఎంచుకొనవలెను.

పొయ్యి దగ్గర పనికి మందపు నూలుగుడ్డ తగినది. పాత దుప్పటి, జీను గుడ్డ, ముతక ఖద్దరు ఇందుకు పనికివచ్చును. గుడ్డ పలుచనైనచో రెండు పొరలుగా కుట్టవలెను. పొయ్యి దగ్గర ప్లాస్టిక్, రెక్సిన్ ఎంతమాత్రము వాడరాదు.

కాస్టిక్, సున్నము, అద్దకపు మందులు కలుపు పనికి నూలుగుడ్డ ఒక్కటియే చాలదు. దానిలో ద్రవము ఇంకిపోవును. నూలు పనిగుడ్డమీద రెక్సిన్ ముక్కనో, పాత వానకోటును కత్తిరించి చేసినదో కట్టుకొనవలెను. మందులు కలుపుట పొయ్యికి దూరముగా ముగించుకొని, పైనున్న రెక్సిన్‌ను విప్పివేసి, అటుపిమ్మట పొయ్యి దగ్గరకు పోవలెను. ఈ వరుస తప్పరాదు.

మట్టి పనికి, జిగురు పనికి, కాగితపు గుజ్జు పనికి పాత చీరముక్క రెండు పొరలు చాలును. తోలు పనికి, బొమ్మలకు రంగులు దిద్దు పనికి కూడ ఇదియే చాలును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయుచున్నాము. పురుగుమందులు వచ్చిన సంచులను, మందు పట్టించిన విత్తనముల సంచులను, ఎరువుల సంచులను పనిగుడ్డగా కుట్టరాదు. ఎంత ఉతికినను వాటి విషము పూర్తిగా పోయినదని చెప్పలేము. చీర కాపాడుకొనబోయి ఒంటికి విషము చుట్టుకొనినట్లగును.

కుట్టుకొను విధము

అంగడిలో అమ్ము ఏప్రన్ నిలుచుండి పనిచేయువారి కొలతకు కుట్టినది. మనవారు చేతిపనులను చాలవరకు నేలమీద కూర్చుండి చేయుదురు. కూర్చున్నప్పుడు మోకాళ్లు రెండు ప్రక్కలకు జరుగును. అంగడి ఏప్రన్ ఆ మోకాళ్లను కప్పదు. రంగు మొదట చిందునది మోకాళ్లమీదనే. కనుక మన పనిగుడ్డను మనమే కుట్టుకొనుట ఉత్తమము.

నిలుచుండి చేయు పనికి 90 సెంటీమీటర్ల వెడల్పు, 110 సెంటీమీటర్ల పొడవు గల గుడ్డ తీసికొనవలెను. మూరలలో చెప్పవలెనన్న వెడల్పు రెండు మూరలు, పొడవు సుమారు రెండున్నర మూరలు. పై అంచు నడుమ 30 సెంటీమీటర్లు గురుతు పెట్టుకొనవలెను. అది రొమ్మును కప్పు భాగము. దానికి ఇరుప్రక్కల మిగిలిన మూలలను, పైనుండి 25 సెంటీమీటర్ల లోతు వరకు వంపుగా కత్తిరించి తీసివేయవలెను. అంచులను మడచి కుట్టవలెను. మెడకు 60 సెంటీమీటర్ల పట్టీ ఒకటి, నడుమునకు 80 సెంటీమీటర్ల పట్టీలు రెండు చేర్చవలెను. లావుగా ఉన్నవారు పట్టీల పొడవును పెంచుకొనవలెను.

కూర్చుండి చేయు పనికి గుడ్డ వెడల్పు 120 సెంటీమీటర్లు ఉండవలెను. అప్పుడు అది రెండు మోకాళ్లను కప్పి ప్రక్కలకు జారును. క్రింది అంచును పైకి మడచి రెండంగుళముల గాడివలె కుట్టినచో ఒడిలో జారిన రంగుచుక్క అక్కడ ఆగును. ద్రవపు మందుల పనికి మాత్రము ఇట్టి మడత ఉండరాదు. మందు అందులో నిలిచి గుడ్డను తడుపును. అదే కారణమున ఆ గుడ్డకు జేబులు కూడ ఉండరాదు.

చేయి తుడుచుకొనుటకు నడుము పట్టీకి జానెడు గుడ్డముక్క ఒకటి వ్రేలాడదీయవలెను. ఇది చిన్న సంగతివలె తోచును గాని, కొంగును మాన్పించునది ఇదియే. చేతికి తుడుపుగుడ్డ అందనప్పుడు చేయి తన అలవాటు చొప్పున కొంగునే వెదకును. పాత పంట్లాము కాళ్లను కత్తిరించి, రెండు చివరల రబ్బరు పట్టీ వేసినచో మోచేతుల వరకు తొడుగులు తయారగును.

గుడ్డ రంగు లేతగా ఉండుట మంచిది. మురికి కనబడకుండుటకు ముదురు రంగు కట్టుకొనుట ఆచారము. పనిగుడ్డ విషయములో మురికి కనబడుటయే మేలు. ఎక్కడ మందు చిందినదో అప్పుడే తెలియును.

కట్టుట, విప్పుట, ఉతుకుట

పనికి కూర్చుండుటకు ముందు కొంగును నడుమునకు దోపి, జడను ముడివేసి, గాజులు ఎక్కువగా ఉన్నచో పైకి జరిపి, పనిగుడ్డ కట్టుకొనవలెను. ముడి జారుముడిగా ఉండవలెను. ప్రమాదము సంభవించినప్పుడు ఒక్క లాగుతో ఊడిరావలెను. మెడపట్టీ కూడ తలమీదుగా తీయునది గాక, వెనుక ముడివేయునదిగా ఉన్నచో మంచిది. మందు చిందిన గుడ్డను ముఖము మీదుగా తీయుట ప్రమాదకరము.

పని మధ్యలో బిడ్డ ఏడ్చినను, ఇంటికి చుట్టము వచ్చినను, పొయ్యిమీద పాలు పొంగినను, మొదట పనిగుడ్డ విప్పి, చేతులు సబ్బుతో కడుగుకొని, పిదపనే లేచి పోవలెను. ఇది కొంత కష్టమైన నియమమే. కాని పనిగుడ్డతో వంటింటిలోనికి నడిచినచో దానిని కట్టుకొనిన ప్రయోజనము సగము పోయినట్లే. వాకిట వసారాలో ఒక మేకు కొట్టి పనిగుడ్డను అక్కడనే తగిలించవలెను. ఆ మేకు పిల్లలకు అందనంత ఎత్తున ఉండవలెను.

పనిగుడ్డను ఇంటి బట్టలతో కలిపి నానబెట్టరాదు. వేరుగా, చివరన ఉతుకవలెను. ఉతికిన నీటిని చెరువులోను, బావి దగ్గరను పారబోయరాదు. మట్టి పనిగుడ్డనైనచో ఆరనిచ్చి, దులిపి, పిదప ఉతికినచో నీరు తక్కువ పట్టును. చిరుగు పడిన పనిగుడ్డను మందుల పనికి వాడరాదు.

మరక పడినచో

జాగ్రత్త వహించినను ఒకప్పుడు మరక పడును. అప్పుడు తొందరపడి రుద్దరాదు. మరక స్వభావమును బట్టి ఉపాయము చేయవలెను.

మట్టి మరకను తడిగా ఉండగా రుద్దినచో లోపలికి పోవును. ఎండనిచ్చి దులిపి ఉతుకవలెను. తెల్ల జిగురును దానికి వ్యతిరేకముగా, ఎండకముందే చన్నీటితో కడుగవలెను. మైనమును గట్టిపడనిచ్చి గోటితో గీకి, పైన క్రింద కాగితములు పెట్టి ఇస్త్రీ చేసినచో కాగితము దానిని పీల్చుకొనును. పసుపు మరకకు సబ్బు తగిలినప్పుడు ఎర్రబారును. భయపడనక్కరలేదు. బాగుగా జాడించి ఎండలో వేసినచో కొన్ని దినములలో వెలిసిపోవును. తెల్లని నూలుగుడ్డమీది తుప్పుమరకకు నిమ్మరసము, ఉప్పు రాచి ఎండలో ఉంచి జాడించవలెను. నూనెరంగును ఆరకముందే తుడిచి, కిరసనాయిలు తడిపిన గుడ్డతో అద్ది, సబ్బుతో ఉతుకవలెను. కిరసనాయిలు వాడు చోట పొయ్యి గాని, దీపము గాని, బీడి గాని ఉండరాదు.

అద్దకపు రంగు చిందినచో వెంటనే ధారాళముగా చన్నీటితో జాడించుట ఒక్కటియే మార్గము. వేడినీరు రంగును మరింత పట్టించును. బ్లీచింగు పొడి మరకతో పాటు చీరరంగును కూడ తీసివేయును. పట్టును, ఉన్నిని అది నాశనము చేయును.

ప్రమాదము జరిగినచో

కాస్టిక్ గాని, సున్నము గాని ఒంటిమీద పడినచో తడిసిన పనిగుడ్డను, తడిసిన బట్టను వెంటనే విప్పివేయవలెను. సిగ్గుపడి ఆలసించుట తగదు. ఆ చోటును కనీసము 20 నిమిషములు పారు నీటితో కడుగవలెను. విరుగుడు అని నిమ్మరసము పోయరాదు. కంటిలో పడినచో రెప్పలు తెరచిపట్టి మంచినీటితో అంతసేపు కడిగి, నలుపక, వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోవలెను. ఈ పనులకు కూర్చుండుటకు ముందే నిండు బకెట్టు మంచినీరు ప్రక్కన ఉంచుకొనుట మరువరాదు.

బట్ట అంటుకొనినచో పరుగెత్తరాదు. గాలికి మంట పెరుగును. నేలమీద పడుకొని దొర్లవలెను. దగ్గరున్నవారు కంబళినో, మందపు నూలుదుప్పటినో కప్పి మంట ఆర్పవలెను. కాలిన చోట 20 నిమిషములు చల్లనినీరు పోయవలెను. సిరా, బూడిద, పండ్లపొడి ముద్ద పూయరాదు. చర్మమునకు అంటిన గుడ్డను లాగరాదు. గాయము పెద్దదైనచో 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

పనిగుడ్డ అన్ని హానులకు కవచము కాదు. అది కంటిని కాపాడదు, చేతిని కాపాడదు. మందుల పనికి రబ్బరు తొడుగులు, కంటి అద్దములు కూడ ఉండవలెను.

కొన్ని సందేహములు

"మా అత్త, మా అమ్మ ఏ గుడ్డయు కట్టకుండనే ఈ పనులు చేసిరి గదా!" అని కొందరు అడుగుదురు. నిజమే. కాని వారి చేతులను ఒక్కమారు జ్ఞాపకము చేసికొనుడు. ఆ చేతుల పగుళ్లు, గోళ్లలో ఇంకిన రంగు మనము ఎరిగినవే. వారు సహించినారు. సహించినంతమాత్రమున హాని లేదని అర్థము కాదు. అదియును గాక, వారి కాలపు ఆకురంగులు, చెక్కరంగులు వేరు, నేటి పొట్లపు రంగులు వేరు.

"ఇంటిలో చేయు చిన్న పనికి ఇంత సన్నాహమెందుకు? చూచినవారు నవ్వుదురు" అని మరికొందరందురు. కమ్మరి కొలిమి ముందు తోలుముక్క కట్టుకొనినచో ఎవరును నవ్వరు. మంగలి గుడ్డ కప్పినచో ఎవరును నవ్వరు. వారిది వృత్తి అని మనము గౌరవించుచున్నాము. ఇల్లాలు చేయునది కూడ వృత్తియే. పనిగుడ్డ కట్టుకొనిన దినమున ఆమె పనిని ఇంటివారు కూడ పనిగా చూచుట నేర్చుకొందురు.

"మగవారికి అవసరము లేదు గదా?" అని వేరొక ప్రశ్న. అద్దకపు పనిలో మగవారు పై ఒంటికి ఏమియు లేక, పాత లుంగీ ఒక్కటి చుట్టుకొని పనిచేయుదురు. చీర చెడునను భయము వారికి లేదు. చర్మమునకు రక్షణ కూడ లేదు. పనిగుడ్డ వారికి మరింత అవసరము.

ఈ పనికి ఆరంభము పాతబట్టల మూటనుండియే చేయవచ్చును. మూట విప్పి, చిరిగిన దుప్పటి ఒకటి, వెలిసిన నూలుచీర ఒకటి తీయుడు. పొదుపు సంఘములో కుట్టుమిషను ఉన్న సోదరి ఒక మధ్యాహ్నము కూర్చున్నచో అయిదారు ఇండ్లకు పనిగుడ్డలు తయారగును. వసారాలో మేకు కొట్టుటకు ఇంటి యజమాని చేయి చాలును. బడిపిల్లలు చవితికి మట్టి బొమ్మ చేయునప్పుడు వారికి కూడ చిన్నది ఒకటి కట్టుడు. చిన్ననాడు అలవడినది పెద్దైన పిదప మరువబోరు.

చీరకొంగు మన ఇండ్లలో చేయు సేవను మేము తక్కువచేయుట లేదు. అది బిడ్డ కన్నీరు తుడుచును, ముత్తైదువ వాయనమును అందుకొనును, నాట్లు వేసి అలసిన నుదుటి చెమటనద్దును. ఇట్టి కొంగునకు రంగును, సున్నమును, కాస్టిక్ నీటిని అంటించకుడు. ఆ పని మేకునకు వ్రేలాడు గుడ్డ చేయును.